లెక్కల మేస్టారి తేదీ

ఆయన పోయిన సంగతి నాకు మా మండలం టీచర్ల వాట్సాప్ గ్రూపులో తెలిసింది. ఆ కబురుకి పైన కోడిగుడ్ల ఇండెంటు, కింద మరుగుదొడ్ల ఫొటోలు సాయంత్రంలోగా పంపాలన్న హెచ్చరిక. మధ్యలో ఆయన. పాత పాస్‌పోర్టు సైజు ఫొటో, దాని కింద 'విశ్రాంత గణిత ఉపాధ్యాయులు, నిన్న ఉదయం' అని రెండు ముక్కలు. అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. నేనూ పెట్టాను. తరవాత మరుగుదొడ్ల ఫొటోలు కూడా పంపాను. ఇరవై ఏళ్లు ఒకే స్టాఫ్‌రూములో ఎదురుబల్ల దగ్గర కూర్చున్న మనిషికి ఆ బొమ్మ చాలదని మాత్రం ఆ రోజంతా అనిపిస్తూనే ఉంది.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. దాచాలని కాదు. ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు ఒక్కరూ నాకు తగల్లేదు. పిల్లలకి లెక్కల సారు, మాకు మేస్టారు, చుట్టుపక్కల గూడేలవాళ్లకి గొడుగు మేస్టారు. అరకు నుంచి ఒడిశా వైపు పోయే రోడ్డు దిగి మూడు కిలోమీటర్లు లోపలికి వెళ్తే మా ఆశ్రమ పాఠశాల వస్తుంది. అక్కడ ఏడాదిలో సగం వాన, మిగతా సగం మంచు. గొడుగు లేని మనిషి ఉండడు. అయినా ఆయన ఒక్కరికే ఆ పేరు రావడానికి కారణం ఉంది. ఆయన గొడుగు తన మీద పట్టుకునేవారు కాదు. చంకలో ఉన్న అడ్మిషన్ రిజిస్టరు మీద పట్టుకుని, తాను తడుస్తూ నడిచేవారు. ఇదేమిటి మేస్టారూ అంటే, "నాను తడిసినా ఆరతాను టీచర్. ఇది తడిస్తే ఇంకేటి మిగుల్తాది?" అనేవారు.

మనిషి పొడుగు. భుజాలు కాస్త ముందుకి వంగి ఉండేవి. మా స్టాఫ్‌రూము గుమ్మం పొట్టిది కావడం వల్ల అలా అయ్యాయని మా డ్రిల్లు మేస్టారి అభిప్రాయం. వినాయక చవితికి వేసుకున్న గోధుమరంగు స్వెట్టరు హోళీ దాటాక విప్పేవారు. చొక్కా జేబులో పెన్ను బదులు సుద్దముక్కలు ఉండేవి, అందుకని ఆయన చొక్కాలన్నీ గుండె దగ్గర తెల్లగా ఉండేవి. ఏం జరిగినా ఆయన అనే మాట ఒక్కటే: "అదేటంత పెద్ద ఇసయం కాదు." వంటశాల రేకులు గాలికి లేచిపోయినప్పుడు అన్నారు. ఘాట్ రోడ్డు మీద కొండచరియ పడి బియ్యం లారీ నాలుగు రోజులు రాకపోతే అన్నారు. ఆయనకే మలేరియా వచ్చి ఆసుపత్రిలో ఉంటే, మేము కమలాపళ్లు పట్టుకుని చూడ్డానికి వెళ్తే, వణుకుతూ కూడా అన్నారు. మొదట్లో ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది.

పిల్లలు లెక్క తప్పు చేస్తే తప్పు అనేవారు కాదు. పుస్తకం చేతిలోకి తీసుకుని, కళ్లజోడు నుదుటి మీదకి తోసుకుని చూసి, "సుంకరిమెట్ట దాకా వచ్చావు. అరకు ఇంకా ఉన్నాది" అనేవారు. మరీ ఘోరంగా చేస్తే, "నువ్వింకా శృంగవరపుకోటలో టీ తాగుతున్నావు" అనేవారు. మా పిల్లల్లో సగం మంది కొండ కింద ఉన్న శృంగవరపుకోట ఎప్పుడూ చూడలేదు. అది లెక్కలు రానివాళ్లు ఉండే ఊరని కొందరు చాలాకాలం అనుకున్నారు.

మా బడికి ఒక ఆచారం ఉంది. మొదలుపెట్టింది ఆయనే. బడి తెరిచాక వచ్చే మొదటి సోమవారం, ప్రార్థన అయ్యాక, టీచర్లందరూ వరండాలో వరసగా నిలబడి పిల్లలకి తమని తాము పరిచయం చేసుకోవాలి. కొత్తవాళ్లే కాదు, పాతవాళ్లు కూడా, ప్రతి ఏడూ. మూడు సంగతులు చెప్పాలి. ఏ ఊరు, ఏ బస్సెక్కి ఇక్కడికి వచ్చారు, టీచరు ఎలా అయ్యారు. అది అయ్యాక పిల్లలు ఒక్కొక్కరిని ఒక్కో ప్రశ్న అడగొచ్చు.

నేను చేరిన ఏడాది ఈ ఆచారం గురించి నాకెవరూ ముందు చెప్పలేదు. అయినా తెలుగు టీచర్ని కదా, వెనక్కి తగ్గలేదు. మాది అనకాపల్లి దగ్గరని చెప్పాను. చిన్నతనం నుంచీ ఉపాధ్యాయ వృత్తి అంటే నాకు ప్రాణమనీ, కొండకోనల్లోని బిడ్డలకి అక్షరజ్యోతి అందించాలన్న తపనతో ఈ వృత్తిని ఎంచుకున్నాననీ చెప్పాను. ఇంకా రెండు వాక్యాలు మిగిలి ఉండగా వరస చివర నుంచి ఒక గొంతు వినిపించింది.

"టీచరుగారూ, డీఎస్సీ మీకు ఎన్నోసారికి వచ్చిందండి?"

"రెండోసారికి."

"అంతకుముందు ఏటి రాసీవారు?"

"బ్యాంకు పరీక్షలు."

"ఎన్నిసార్లు?"

"నాలుగు."

"అయితే బ్యాంకు రాక మా కాడికి వచ్చారు. అదేటంత పెద్ద ఇసయం కాదు. ఇప్పుడు సెప్పిందే సరిగ్గా ఉన్నాది" అని, పిల్లల వైపు తిరిగి, "టీచరుగారిని అడగండర్రా" అన్నారు.

ముందు వరసలో ఒక గుంట లేచింది. "ఎప్పుడెల్లిపోతావు టీచర్?"

తరవాత తెలిసింది, మా పిల్లలు కొత్త టీచర్ని ఎప్పుడూ అడిగే ప్రశ్న అదేనని. వాళ్లు చూసిన టీచర్లలో ఎక్కువమంది కొండ దిగే బస్సు కోసం కాచుకున్నవాళ్లే. నేను అప్పటికే నిజం చెప్పే ఊపులో ఉన్నాను కనక, "రెండేళ్లకి" అని చెప్పేశాను. ఆ గుంట బుర్ర ఊపి కూర్చుంది. ఇంటి దగ్గర మా వాళ్లకి కూడా రెండేళ్లు ఓపిక పట్టమనే చెప్పి వచ్చాను.

స్టాఫ్‌రూములోకి వెళ్లాక ఆయనతో దెబ్బలాడాను. మొదటి రోజే పిల్లల ముందు నా పరువు తీశారన్నాను. ఆయన తాపీగా క్యారేజీ మూత తీస్తూ విన్నారు.

"మనం ఆకాశంలోంచి ఊడిపడ్డామని సెప్తే పిల్లలు దణ్ణం పెట్టీసి ఊరుకుంటారు టీచర్. ఏ బస్సెక్కి వచ్చామో సెప్పాలి. ఎక్కడ ఎక్కామో, ఎన్నిసార్లు తప్పిపోనాదో సెప్పాలి. అప్పుడు ఆల్లూ ఎక్కుతారు. ఆనపకాయ కూర ఏసుకుంటారేటి?"

వేసుకున్నాను. కోపం కూర వల్ల తగ్గిందో మాట వల్ల తగ్గిందో ఇప్పటికీ చెప్పలేను.

అంత నీతి చెప్పిన మనిషి తన వంతు వచ్చేసరికి ఏం చెప్పేవారో వినాలి. ఆ మొదటి ఏడు, తనకి బస్సు కండక్టరు కావాలని ఉండేదనీ, ఎత్తు ఎక్కువై బస్సులో తల పైకి తగులుతుంటే తీసుకోలేదనీ, అందుకని టీచరు అయ్యాననీ చెప్పారు. పిల్లలు నమ్మారు. నేనూ నమ్మాను. మరుసటేడు అల్లం కొనడానికి లారీలో కొండెక్కాననీ, వానలకి రోడ్డు తెగిపోయి గూడెంలో చిక్కుకుపోయాననీ, అక్కడి బడి మేస్టారికి జ్వరం వస్తే మూడు రోజులు ఎక్కాలు చెప్పాననీ, రోడ్డు బాగయ్యేసరికి దిగబుద్ధి కాలేదనీ చెప్పారు. ఆ పై ఏడు పెళ్లివారు ఉద్యోగం లేనిదే పిల్లనివ్వమన్నారట. పెద్దపిల్లలు ఈ కథలన్నీ గుర్తుపెట్టుకుని, జూన్ వచ్చిందంటే ఈసారి సారు ఎలా టీచరవుతారో అని పందేలు కాసుకునేవారు. ఎప్పుడెల్లిపోతావు సారూ అని ఆయన్నీ అడిగేవారు. "బెల్లు కొట్టాక" అనేవారు.

ఒకసారి నిలదీశాను. అందరి చేతా నిజం చెప్పించి మీరొక్కరే ఏటేటా అబద్ధం చెప్తారేమిటి అని. ఆయన ఏమాత్రం తొణకలేదు. "అబద్దం కాదు టీచర్. ఒక్కో ఏడు ఒక్కో బస్సు సెప్తన్నాను. ఎవులికి ఏది అందితే అది ఎక్కుతారు" అన్నారు. మరి మీరెక్కింది ఏది అంటే, సుద్దముక్క తీసుకుని క్లాసుకి వెళ్లిపోయారు. అప్పటికింకా బెల్లు కొట్టలేదు.

ఇక తేదీ సంగతి. మా బడిలో ఒకటి నుంచి పది దాకా తరగతులు ఉన్నాయి. చేతిరాత బాగుంటుందని అడ్మిషన్ రిజిస్టరు ఆయనకి అప్పగించారు. మే నెలాఖరుకి గొడుగూ రిజిస్టరూ పట్టుకుని గూడేల మీద పడేవారు. సామలు చల్లే చోట, కాఫీ తోటల్లో, సంతలో, ఎక్కడ బడి ఈడు పిల్ల కనిపిస్తే అక్కడే కూర్చుని రాసేసేవారు. ఆ రోజుల్లో గూడేల్లో పుట్టిన తేదీ కాగితాలు ఎవరి దగ్గరా ఉండేవి కావు. సంవత్సరానికి ఆయనకొక లెక్క ఉండేది. కుడిచెయ్యి నెత్తి మీదుగా తిప్పి ఎడమ చెవి పట్టుకోమనేవారు. అందితే ఆరేళ్లు. అందకపోతే అందేదాన్ని బట్టి. మరి తేదీ, నెల? వాటికి చెవిలాంటిది ఏమీ లేదు. అక్కడ ఆయన తన పుట్టినరోజు వేసేవారు. జూలైలో ఒక తేదీ. ప్రతి పిల్లకీ, ప్రతి పిల్లాడికీ అదే.

ఎందుకలా చేశారని అడిగితే, "నాకు నమ్మకంగా తెలిసిన తేదీ అదొక్కటే" అన్నారు.

పుట్టినరోజు పిల్లలకి ప్రార్థనలో చాక్లెట్ ఇవ్వాలని మా హెచ్చెమ్ గారికి ఒక ఏడు ఆలోచన పుట్టింది. వేసవి తరవాత కొన్నాళ్లు బాగానే నడిచింది. జూలైలో ఆ రోజు వచ్చింది. "ఈ రోజు పుట్టినవాళ్లు ముందుకి రండి" అన్నారాయన, చేతిలో రెండు చాక్లెట్లు పట్టుకుని. బడి లేచింది. వెనక నుంచి వస్తున్నవాళ్లకి దారి లేక ముందువాళ్లు వరండా ఎక్కారు. హెచ్చెమ్ గారు మేస్టారి వైపు చూశారు. మేస్టారు కూడా వరసలోంచి బయటికి వచ్చి పిల్లలతో పాటు నిలబడ్డారు, ఆ రోజు ఆయనదీ పుట్టినరోజే కదా. మధ్యాహ్నం అరకు నుంచి చాక్లెట్ల డబ్బా తెప్పించారు. అప్పటి నుంచి ఆ రోజు మా బడికి ఊరపండగతో సమానం అయింది. ఇందులో ఎవరికైనా నష్టం ఉంటుందని మాలో ఒక్కరికీ తోచలేదు.

నష్టం వచ్చింది గురుబారికి.

గురుబారి మా పదో తరగతి పిల్ల. తొమ్మిదేళ్ల కిందట ఆమెని చేర్చేటప్పుడు చెయ్యి కురచదై చెవి అందలేదు. మేస్టారు రెండేళ్లు తగ్గించి వేశారు. ఇంత చిన్నపిల్లని తీసుకోకూడదు, మళ్లీ వస్తానని లేవబోతే, ఆ పిల్ల ఆయన గొడుగు పట్టుకుని వదల్లేదట. అందుకని తీసుకొచ్చేశారు. ఇప్పుడు పదో తరగతి పరీక్షకి పేర్లు కంప్యూటర్లో ఎక్కిస్తుంటే ఆమె పేరు దగ్గర ఆగిపోయింది. పద్నాలుగేళ్లు నిండలేదంటుంది. శుక్రవారం ఆఖరు. పుట్టిన తేదీ తప్పుపడిందని పాడేరు ఆఫీసు నుంచి అనుమతి వస్తే తప్ప ఈ ఏడు పరీక్ష లేదు.

ఇంకో ఏడు ఆగితే ఏమవుతుందని హెచ్చెమ్ గారు అన్నారు. ఏమవుతుందో గురుబారి తల్లి చెప్పింది. కాఫీ పళ్లు కోసిన చేతులు కొంగుకి తుడుచుకుంటూ గుమ్మం దగ్గరే నిలబడి చెప్పింది. "ఇంటికాడుంటే దాని మావ రొయ్యల కంపినీకి తోలుకుపోతానన్నాడు. కిందటేడు ఇద్దరు గుంటలు ఎల్లారు. మరి బడికి రానేదు." గురుబారి ఆమె వెనకాల నిలబడి ఉంది. కుడిచెయ్యి నెత్తి మీదుగా తిప్పి ఎడమ చెవి పట్టుకుని చూపించింది. బాగా అందింది.

ఇక్కడే ఇంకో చిక్కు ఉంది. ఆ నెలలోనే హెచ్చెమ్‌ల ప్రమోషన్ జాబితా రావాలి. సీనియారిటీలో మేస్టారిది మొదటి పేరు. ఆయనకి సర్వీసు ఇంకా నాలుగేళ్లే ఉంది. ఈ తేదీ నేనే ఊహించి వేశానని రాతపూర్వకంగా ఒప్పుకుంటే, రిజిస్టరు మొత్తం బయటికి వస్తుంది. హెచ్చెమ్ గారు తలుపు దగ్గరికి వేసి, "మేస్టారూ, అప్పటి గుమస్తా రాసాడని పెట్టేద్దాం. ఆయన రిటైరై వెళ్లిపోయాడు కదా, ఏం చేస్తారు ఆయన్ని?" అన్నారు. మేస్టారు రిజిస్టరు తెరిచి ఆ పేజీ కాసేపు చూసుకున్నారు. "పాపం ఆ గుమస్తా మంచోడండి. రాత మాత్రం ఇంత బాగోదు. ఎవులూ నమ్మరు" అన్నారు.

గురువారం పొద్దున్నే పాడేరు వెళ్లాం. ఆయన, నేను, గురుబారి, వాళ్లమ్మ. ఆడపిల్ల వెంట ఒక టీచరు ఉండాలని నన్ను పంపించారు. బస్సులో ఆయన రిజిస్టరు ఒళ్లో పెట్టుకుని, దాని మీద గొడుగు పెట్టుకుని కూర్చున్నారు. ఆ రోజు వాన కూడా లేదు.

ఆఫీసరుగారు చిన్న వయసాయన. చెడ్డవాడు కాదు, అలసిపోయి ఉన్నాడు. రిజిస్టరు తిరగేశాడు. ఒక పేజీ, ఇంకో పేజీ, మళ్లీ మొదటి పేజీ. ముఖం మారింది.

"ఒకే తేదీ ఇంతమందికి ఎలా వచ్చిందండీ? అసలు ఎవరు మీరు?"

మేస్టారు లేచి నిలబడ్డారు. చేతులు వెనక్కి కట్టుకున్నారు. పరిచయాల సోమవారం వరండాలో ఎలా నిలబడతారో అలాగే. ఈయన ఇప్పుడు కండక్టరు కథ చెప్తారేమోనని నాకు భయం వేసింది.

"మాది బొబ్బిలి పక్కన పల్లెటూరండి. మా అమ్మ గోగునార తీసీది. నాను గట్టు మీద కూకుని గేదెల్ని కాసీవోడిని. ఒక మేస్టారు సైకిలేసుకుని వచ్చారండి. బడికి పిల్లలు సాలడం నేదు, మీ గుంటడిని ఇమ్మని అడిగారు. ఎప్పుడు పుట్టాడని అడిగితే, నార తడిపిన నాలుగోనాడు అన్నాది మా అమ్మ. ఆ మేస్టారికి నెల తెలవనేదు. నవ్వీసి, ఆయన పుట్టినరోజు ఏసీసారు. సైకిలు మీద కూకోబెట్టుకుని తీసుకుపోనారు. ఆ ఏడు ఆ రోజున నాకో పిప్పరమెంటు ఇచ్చారండి. మనిద్దరిదీ ఒకటే రోజురా అన్నారు. నాకు ఇంటికాడ అలాంటి మాట ఎవులూ సెప్పనేదు. మరి నాను బడి మాననేదు. అలా టీచర్ని అయినానండి."

ఆఫీసరుగారు పెన్ను కింద పెట్టాడు.

"అంటే ఈ తేదీ?"

"నాది కాదండి. మా మేస్టారిది. ఆయనకి ఎవులిచ్చారో నాను అడగనేదు."

నాకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్లు ఎదురుగా కూర్చుని ఆనపకాయ కూర తిన్నాను, ఈ ముక్క ఒక్కసారైనా నాతో అనలేదని కోపం కూడా వచ్చింది. గురుబారి మాత్రం ఆయన వైపు నోరు తెరుచుకుని చూస్తోంది. ఆమెకి తెలిసిన కథల్లో ఇది లేదు.

ఆఫీసరుగారు తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, నీ కూతురు ఎప్పుడు పుట్టిందో నీకు తెలుసా?"

"తెల్దా మరి" అంది ఆమె. "ఇటుకల పండగయి మగోళ్లు ఏట నుంచి వచ్చీసారు. ఆ మర్నాడు. గురుబారం. గురుబారం పుట్టింది గనకే గురుబారి. మా సెల్లి కూతురు బుద్రి అంతకు నాలుగు రోజులు ముందర బుదబారం నాడు ఆసుపత్రిలో పుట్టీసింది అనీసి..." అని వేళ్ల మీద సరిచూసుకుని, "కాదు, ఎనిమిది రోజులు ముందర. దానికి కాయితమున్నాది" అంది.

మగవాళ్లు వేటకి వెళ్లే ఇటుకల పండగ చైత్రంలో వస్తుంది. పేరులో వారం ఉంది. చెల్లెలి కూతురి కాగితంలో సంవత్సరం ఉంది, ఫోను చేసి కనుక్కున్నాం. ఆఫీసరుగారి గుమస్తా సెల్‌ఫోనులో పాత క్యాలెండరు తీసి, వేలితో కిందికి జరుపుతూ, ఒక గురువారం దగ్గర ఆపాడు. ఏప్రిల్. గురుబారికి పదిహేనేళ్లు దాటి ఎనిమిది నెలలు.

"మరి బడిలో చేర్చినప్పుడే ఈ మాట చెప్పొచ్చు కదమ్మా?"

"సారు అడగనేదు. గొడుగు పట్టుకోమని నా సేతికిచ్చి, రాసీసుకున్నాడు."

మేస్టారు మెల్లగా కుర్చీలో కూర్చున్నారు. ముప్పై ఏళ్లకి పైగా ఆయన బుద్రిల్నీ, సుక్రిల్నీ, సోంబారిల్నీ ఆ రిజిస్టర్లో రాశారు. ప్రతి పేరులోనూ వారం ఉంది, ప్రతి తల్లి నోట్లోనూ పండగ ఉంది. ఆయన చెవులు కొలిచారు. తల్లుల్ని మాత్రం అడగలేదు.

"లెక్కల మేస్టార్ని. సగం లెక్క పేరులోనే ఉన్నాది. నాను ఇంకా శృంగవరపుకోటలోనే ఉన్నాను" అన్నారు. ఎవరితోనూ అన్నట్టు లేదు. ఆ రోజు ఆయన అదేటంత పెద్ద ఇసయం కాదు అనలేదు.

బుద్రి కాగితం సాయంత్రానికి ఎవరో బండి మీద తెచ్చారు. అనుమతి చేతికొచ్చింది. శుక్రవారం గురుబారి పేరు ఎక్కింది. మార్చిలో పరీక్ష రాసింది, పాసైంది. లెక్కల్లో బొటాబొటీ.

మేస్టారికి మెమో వచ్చింది. రిజిస్టరు ఆయన దగ్గర నుంచి తీసేసి డ్రిల్లు మేస్టారికి ఇచ్చారు. ప్రమోషన్ జాబితాలో మొదటి పేరు దాటి రెండో పేరు నుంచి పిలిచారు. ఆయన నాలుగేళ్లు అదే బల్ల దగ్గర కూర్చుని అక్కడే రిటైరయ్యారు. మెమోని మడిచి కళ్లజోడు పెట్టెలో కళ్లద్దాల కింద పెట్టుకున్నారు. గీతలు పడకుండా ఉంటుందట. బాధగా లేదా మేస్టారూ అని ఒక్కసారే అడిగాను. "హెచ్చెమ్ అయితే మరుగుదొడ్లు సూసుకోవాలి టీచర్" అన్నారు. బాధ ఉంది. ఆ ఏడు జూన్లో పరిచయాలప్పుడు తన వంతు వస్తే, ఊరు చెప్పి, బస్సు చెప్పి, అక్కడితో ఆపేశారు. పెద్దపిల్లలు పందెం ఎలా తేల్చుకోవాలో తెలియక నా దగ్గరికి వచ్చారు.

ఆ జూలైలో ఆయన పుట్టినరోజు నాడే గురుబారి టీసీ కోసం వచ్చింది. చాక్లెట్లు పంచుతున్నారు. ఆమె వరసలో నిలబడకుండా స్తంభం పక్కన నిలబడింది. మేస్టారు రాసిన పిల్లల్లో ఆ రోజు పుట్టనిది ఆమె ఒక్కతే. మేస్టారు వెళ్లి చాక్లెట్ ఆమె చేతిలో పెట్టారు.

"నా తేదీ మారిపోనాది కద సారూ" అంది.

"అది కంప్యూటరుకి" అన్నారాయన. "ఇది తినీడానికి."

ఈ జూన్లో మా బడికి వేరే బడి నుంచి సర్దుబాటు మీద ఒక కొత్త టీచరు వచ్చింది. హెచ్చెమ్ సీట్లో ఇప్పుడు ఇన్‌ఛార్జిగా నేనే ఉన్నాను, మరుగుదొడ్లు కూడా నేనే చూసుకుంటున్నాను. జాయినింగ్ కాగితం తెచ్చి నా ముందు పెట్టి నిలబడితే, ముందు పుట్టిన తేదీ చూశాను, తరవాత ముఖం చూశాను. గురుబారి. లెక్కలు కాదు, సోషల్. మేస్టారు నాలుగు నెలల కిందట పోయారని ఆమెకి తెలుసు. గ్రూపులో ఆమె కూడా చేతులు జోడించిన బొమ్మ పెట్టిందట.

మొదటి సోమవారం వరండాలో ఆమె వంతు వచ్చింది. "మాది పక్క గూడెం. నేను బస్సెక్కలేదు, నడిచి వచ్చాను. మా సారు గొడుగుని నేను పట్టుకుని వదల్లేదు. అలా టీచర్ని అయ్యాను" అంది. ముందు వరసలో ఒక గుంట లేచి ఎప్పుడెల్లిపోతావు టీచర్ అని అడిగింది. "బెల్లు కొట్టాక" అంది గురుబారి. రెండేళ్లకని చెప్పి ఇరవై ఏడేళ్లుగా ఉన్న నేను నేల వైపు చూశాను.

ఇప్పుడు పిల్లలందరికీ కాగితాలున్నాయి, తేదీలు ఏడాది పొడుగునా చెదిరిపోయాయి. జూలైలో ఆ రోజు నేను మామూలుగానే చాక్లెట్లు పట్టుకుని నిలబడ్డాను. ఈ రోజు పుట్టినవాళ్లు ముందుకి రండి అన్నాను. పిల్లల్లో ఎవరూ లేవలేదు. ఒకప్పుడు బడి అంతా లేచిన రోజు అది. డబ్బా మూత పెట్టబోతుంటే టీచర్ల వరసలోంచి గురుబారి బయటికి వచ్చి నా ముందు చెయ్యి చాపింది.

"నీది ఏప్రిల్ కదమ్మా" అన్నాను మెల్లగా.

"అది కంప్యూటరుకి టీచర్" అంది.

ఆమెకి ఒకటి ఇచ్చాను. డబ్బాలోంచి ఇంకొకటి తీసి, మేస్టారి వాటా అనుకుని, పిల్లలందరూ చూస్తుండగా నేను తిన్నాను.